గుర్రం దిగితే చెరువు చెడదు

చెరువు బాగుపడాలంటే ముందు పశువును దాని దగ్గరికి రానివ్వకూడదన్న మాట ఈ మధ్య అందరి నోటా వినిపిస్తోంది. గట్టు మీద సిమెంటు బాట, ఇనుప కమ్మీలు, రంగు దీపాలు, పిల్లలకు ఉయ్యాలలు, ఒక మూల బోటు షికారు, ద్వారం దగ్గర 'పశువులకు ప్రవేశం లేదు' అని ఒక బోర్డు. చెరువు పార్కు అంటే ఇదే నమూనాగా స్థిరపడిపోయింది. ఇటీవల దానికి గుడారాల విడిది తోడైంది. లంబసింగిలో చలి రాత్రుల కోసం వేసే గుడారాలు, అరకు లోయ విడిదులు, వికారాబాదు దగ్గర కోటిపల్లి జలాశయం చుట్టూ వెలిసిన మకాంలు చూసి మన జిల్లాల్లోనూ నీటి ఒడ్డున అలాంటివి పెట్టాలన్న కోరిక పుట్టింది. మంచిదే. అయితే గుర్రాలతో వచ్చి రెండు రాత్రులు నీటి పక్కన దిగే వసతి కూడా అందులో ఉండాలి అనగానే మూడు జవాబులు ఎదురవుతాయి. నీళ్ళు పాడవుతాయి. అది డబ్బున్నవాళ్ళ షోకు. ఈ ఎండల్లో అది మూగజీవాన్ని హింసించడం. మూడింటిలోనూ ఎంతో కొంత నిజముంది, దాన్ని దాచను. ఆ మూడింటినీ కలిపి, కాబట్టి గుర్రాన్ని చెరువు ఛాయలకు రానివ్వకూడదు అని తేల్చడం మాత్రం తప్పు. ఆ తప్పుకు గుర్రాలవాళ్ళకంటే ఎక్కువ మూల్యం చెల్లించేవి చెరువులే.

గుర్రంతో చెరువు పక్కన దిగడం మనకు కొత్త అనుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది. శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల మీదుగా ఇవాళ పదహారో నంబరు జాతీయ రహదారి పోతున్నది ఇంచుమించు చెన్నపట్నం నుంచి కలకత్తాకు పోయే పాత బాట వెంబడే. 1890లలో తూర్పు కోస్తా రైలు పడేదాకా ఈ దారిన సాగిన సైన్యాలు, వర్తకులు, యాత్రికులు, ఉద్యోగులు కాలినడకనో, బండి మీదో, పల్లకీలోనో, గుర్రం మీదో పోయినవాళ్ళే. పూటకొక మజిలీ. మజిలీకి కావలసినవి మూడే: ఎండిపోని చెరువు, నీడనిచ్చే తోపు, పశువుకు గడ్డి. చెన్నపట్నం సుప్రీంకోర్టు ఉద్యోగి ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో పరివారంతో, డేరాలతో కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. తిరుగు ప్రయాణంలో గంజాం, శ్రీకాకుళం, విశాఖపట్నం దారినే వచ్చాడు. ఆయన రాసిన కాశీయాత్ర చరిత్ర నిండా మజిలీల వివరాలే: ఎక్కడి నీళ్ళు మంచివి, ఎక్కడ దిగడానికి చోటుంది, ఎక్కడ సామాను దొరుకుతుంది. మజిలీ అన్న మాట మన మనసుల్లో ఎంతగా నాటుకుపోయిందంటే మధిర సుబ్బన్న దీక్షితులు తన కథల గొలుసుకు కాశీమజిలీ కథలనే పేరు పెట్టుకున్నాడు. అంతకు ముందు, 1757 జనవరిలో బొబ్బిలి మీదికి నడిచిన బుస్సీ ఫ్రెంచి దండుకైనా, విజయనగరం బలగానికైనా గుర్రాలకు నీళ్ళు పట్టడానికి ఈ చెరువులూ గెడ్డలూ తప్ప వేరే దిక్కు లేదు. ఆ తరవాత తెల్లదొరలు జమాబందీకి ఊళ్ళమీద తిరిగినప్పుడూ డేరాలు వేసింది చెరువు పక్క మామిడి తోపుల్లోనే, గుర్రాలను కట్టింది ఆ చెట్ల నీడనే. ఎవరో అమెరికా నుంచి తెచ్చిన సరదా అని దీన్ని కొట్టిపారేసేవాళ్ళు మన బాటల చరిత్ర ఒకసారి తిరగేస్తే చాలు.

ఆ అలవాటు కాగితాల్లోకి కూడా ఎక్కింది. నా వాదనకు ఆయువుపట్టు ఇదే. మద్రాసు ప్రభుత్వం భూములు కొలిచి పోరంబోకులను వర్గాలుగా రాసినప్పుడు చెరువు గర్భం, శ్మశానం, కళ్ళం, తోపు, పశువులు నిలిచే మందబయలు వీటి పక్కనే దండులూ బాటసారులూ దిగే విడిది మైదానానికీ ఒక వర్గం ఇచ్చారు. రెవెన్యూ బోర్డు స్టాండింగ్ ఆర్డర్లు చెరువు గర్భాన్నీ, దాని ముందరి మెరకనూ, మందబయళ్ళనూ, మేత భూములనూ ఎవరికీ పట్టా ఇవ్వకూడని భూముల్లో చేర్చాయి. జమీందారీలు ఎక్కువైన మన ఉత్తరాంధ్రలో చాలా ఊళ్ళకు వివరమైన సర్వే వచ్చింది 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తరవాతే. అయినా వర్గాలు అవే. అంటే రాజ్యం లెక్కలోనే చెరువు అంచు ఖాళీ జాగా కాదు. మనుషులూ పశువులూ వచ్చి ఒక పూట దిగి వెళ్ళే తావు. ఎవరి సొంతమూ కాకుండా అది మిగిలింది ఆ రాకపోకల వల్లే. ఏటా గొర్రెల మంద దిగే బయలులో ఎవడైనా కంచె వేస్తే ఆ ఏడే గొడవ అవుతుంది, పదిమంది సాక్షులు నిలబడతారు. పదేళ్ళు ఏ పశువూ తొక్కని బయలులో కంచె వేస్తే అడిగే నాథుడుండడు. వాడుక నిలిచిపోయిన పోరంబోకుకు కాగితం తప్ప కాపలా లేదు. ఆ కాగితం ఎంత పలచనిదో మనకు తెలుసు.

ఈ మాటకు రుజువు వెతుక్కుంటూ దూరం పోనక్కరలేదు. సోంపేట బీల మన జిల్లాలోనే ఉంది. ఆ నీటి నేలలో చేపలు పట్టారు, గడ్డి కోసుకున్నారు, పశువులు మేపారు, దాని నీళ్ళతో పొలాలు పండించారు. థర్మల్ విద్యుత్ కేంద్రానికి ఇచ్చేటప్పుడు ప్రభుత్వం దాన్ని పనికిరాని భూమిగా చూసింది. 2010 జులై 14న ఆ భూమి దగ్గర జరిగిన పోలీసు కాల్పుల్లో మనుషులు చచ్చిపోయారు. జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికిచ్చిన అనుమతిని రద్దు చేసింది కూడా ఆ రోజే. ఏడు నెలలు తిరిగాక, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి తంపర అనే చిత్తడి భూముల దగ్గర మళ్ళీ కాల్పులు, మళ్ళీ చావులు. బీలనూ తంపరనూ పనికిరాని నేల అనగలిగిన చూపు ఎక్కడ పుట్టింది? పశువు మేయడం, మంద దిగడం, గడ్డి కోయడం 'ఉపయోగం' కిందికి రావని నమ్మిన చోట పుట్టింది. చెరువు గట్టున పశువులకు ప్రవేశం లేదని రాసిన బోర్డు కూడా ఆ నమ్మకానికి పుట్టిన బిడ్డే. 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరుమ్మడి చెరువులూ బయళ్ళూ ఆక్రమించినవాళ్ళను ఖాళీ చేయించి వాటిని గ్రామస్థుల ఉమ్మడి వాడుకకు తిరిగి అప్పగించమని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఉమ్మడి వాడుక అన్న మాటను పట్టుకోవాలి. అలంకారం కోసమని ఆ తీర్పు రాయలేదు.

ఇక నీళ్ళు పాడవుతాయన్న అభ్యంతరం. అన్నిటిలోనూ బరువైనది ఇదే కనుక లెక్కకే వెళ్దాం. 450 కిలోల బరువున్న పెద్ద గుర్రం రోజుకు లద్దె, మూత్రం కలిపి ఇరవై కిలోలకు కొంచెం అటూ ఇటూగా విడుస్తుంది. మన్యంలో తిరిగే పొట్టి గుర్రం అంతకంటే తక్కువే. పది పెద్ద గుర్రాలు రెండు రాత్రులు దిగాయనుకుందాం. మొత్తం 400 కిలోలు, అంటే ఒక ఎడ్లబండికి సరిపోయే గత్తం. అందులో ఉండే నత్రజని సుమారు మూడు కిలోలు. ఇప్పుడు చెరువు ఎగువ మడి వైపు చూడండి. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 46 శాతం, అంటే 20 కిలోల పైమాటే. గుర్రాల విడిది ఏడుసార్లు జరిగి, ఒక్క లద్దె కూడా ఎత్తకుండా అంతా నీళ్ళలో కలిసిపోయినా ఒక యూరియా బస్తాకు సమానం కావడమే గొప్ప. వానకు ఎగువ పొలాల నుంచి చెరువులోకి కొట్టుకొచ్చే ఎరువెంత, ఊరి మురుగెంత, పెళ్ళిళ్ళ సీజనులో గట్టు కింద పారబోసే ప్లాస్టిక్ ఎంత? వాటికి బోర్డు లేదు. గట్టు పక్క హోటలు మురుగు కాలువ చెరువులోకే తిరిగి ఉన్నా పార్కు అందంగానే ఉందంటాం, గుర్రం లద్దె కనిపిస్తే మాత్రం ముక్కు మూసుకుంటాం. పైగా లద్దెను ఎత్తవచ్చు. యూరియాను నీళ్ళలోంచి ఎత్తలేం. మంద కట్టించుకోవడానికి గొర్రెల కాపరికి ధాన్యమో డబ్బో ఇచ్చి మరీ పిలిచిన రైతులున్న ప్రాంతం మనది. ఆ రైతుకు బండెడు లద్దె చెత్తగా కనపడదు.

లెక్క తేలింది కదా అని గుర్రాలను చెరువులోకి తోలమని నేను అనడం లేదు. గుర్రం గిట్ట చిన్నది, బరువు పెద్దది. తడిసిన గట్టు వాలు మీద పది గుర్రాలు రోజూ ఎక్కి దిగితే మట్టి జారుతుంది, గండికి అదే ఆరంభం. పగ్గం నేరుగా చెట్టుకు కడితే అసహనంగా ఉన్న గుర్రం రాత్రంతా తిరిగి బెరడు ఒరిపిస్తుంది, కాళ్ళతో వేరు చుట్టూ మట్టి తవ్వుతుంది. ఒకటి రెండేళ్ళలో తోపు ఎండుతుంది. ఒకే రేవులో నీళ్ళు తాగితే ఆ రేవు బురదగుంట అవుతుంది. ఇవన్నీ నిజమైన నష్టాలు, వీటన్నిటికీ విరుగుడు ఉంది. గుర్రపు విడిదులు బాగా నడిచే దేశాల్లో పాటించే పద్ధతులు మన ఊరి బుద్ధికి కొత్తవేమీ కావు. విడిది నీటి అంచుకు కనీసం అరవై డెబ్బై మీటర్ల దూరంలో ఉండాలి. రెండు గట్టి స్తంభాల మధ్య మనిషి తలకంటే ఎత్తున దండెంలా మోకు లాగి దానికి పగ్గాలు వేయాలి, చెట్టుకు కట్టక తప్పకపోతే మోకు కింద వెడల్పాటి పట్టీ చుట్టాలి. నీళ్ళు గుర్రం దగ్గరికి బకెట్లో రావాలి, గుర్రం చెరువు దగ్గరికి పోకూడదు. ఉపాధి హామీ పథకం కింద ఊరూరా కట్టిన పశువుల నీటి తొట్టెల్లో ఎన్నో ఖాళీగా ఎండుతున్నాయి, అవి దీనికి అచ్చంగా సరిపోతాయి. లద్దె రోజూ ఎత్తి గుంటలో వేయాలి, కలుపు గింజలున్న మేత తేకూడదు. గట్టు మీదికి గిట్ట ఎక్కకూడదు. ఇంతే. ఒక కాపలాదారు, ఒక పార, ఒక తొట్టె ఉంటే జరిగిపోయే పని. దీనికి ఆర్కిటెక్టు అక్కరలేదు. బహుశా అందుకే దీన్ని ఎవరూ ప్రతిపాదించరు.

అమెరికా ఉదాహరణ ఒకటి రెండు చెప్పాలి, అక్కడి జలాశయాలూ మన తోటపల్లి, మడ్డువలసల్లాగే ఆనకట్ట కట్టి నిలిపిన నీళ్ళు కనుక. కెంటకీ, టెనెసీ రాష్ట్రాల సరిహద్దులో రెండు నదులకు ఆనకట్టలు వేయగా ఏర్పడిన రెండు జలాశయాల మధ్య నేలను 1963లో జాతీయ విహారప్రాంతంగా ప్రకటించారు. లాండ్ బిట్వీన్ ద లేక్స్ అంటారు. అందులో రాంగ్లర్స్ అనే మకాం గుర్రాలతో వచ్చేవాళ్ళ కోసమే కట్టింది. కొట్టాలు, నాడాలు వేసే ఏర్పాటు, అడవిలోకి గుర్రపు దారులు అన్నీ ఉన్నాయి. టెక్సస్‌లో డాలస్, డెంటన్ నగరాలకు తాగునీరిచ్చే రే రాబర్ట్స్ జలాశయం ఒడ్డున ఉన్న ప్రభుత్వ పార్కులోనూ గుర్రాల విడిది ఉంది. డాలస్ చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు సెలవు దొరికితే గుడారం వేసుకునే చోట్లలో అదొకటి. అక్కడ లద్దె చూసి ముచ్చటపడి, ఇక్కడి పార్కులో మేక కనపడితే ఫిర్యాదు చేయడం సబబు కాదు. ఆ దేశంలో తాగునీటి జలాశయం పక్కనే గుర్రాన్ని దిగనిస్తున్నారు గదా అని మనం తాటిపూడి అంచున దింపాలని మాత్రం నేను అడగను. గోస్తనీ నది మీది ఆ జలాశయం విశాఖ నగరం గొంతు తడుపుతోంది. అక్కడి కాపలాకు, శుద్ధికి పెట్టే ఖర్చు వేరు, మనం పెట్టగలిగింది వేరు. తాగునీరు తీసే చోట్లను వదిలేసి సాగునీటికే పరిమితమైన చెరువులూ బందలూ చూసుకుందాం. అవి మనకు కొదవా?

ఇది డబ్బున్నవాళ్ళ షోకు అనేవాళ్ళు గుర్రాన్ని సినిమాల్లోనూ రేసుకోర్సుల్లోనూ తప్ప చూసినట్టు లేదు. పాడేరు, జి.మాడుగుల, చింతపల్లి కొండల్లో గుర్రం పేదవాడి లారీ. రోడ్డు లేని ఊళ్ళ నుంచి కాఫీ, మిరియాలు, పసుపు, అల్లం సంతకు దిగేది గుర్రం వీపు మీదే. సంత నుంచి ఉప్పూ పప్పూ, డిపో నుంచి రేషను బియ్యం పైకెక్కేదీ దాని మీదే. డోలీ మోసే మనుషులు దొరకనప్పుడు రోగిని మోసిందీ అదే. విశాఖ బీచిలో పిల్లలను ఎక్కించి తిప్పే గుర్రాలు, పెళ్ళి ఊరేగింపులకు అద్దెకిచ్చే గుర్రాలు, వాటి యజమానుల్లో దొరలెవరూ లేరు. ఏ పూటకా పూట దాణా కొనుక్కునేవాళ్ళు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్న సామెత వాళ్ళకు సామెత కాదు, రోజూ మోయాల్సిన ఖర్చు. పెళ్ళిళ్ళ సీజను పోయాక, బీచిలో జనం తగ్గాక, కొండకు రోడ్డు పడ్డాక ఆ గుర్రం ఏమవుతుంది? 2019 పశుగణన సమాధానం చెప్పింది. 2012లో దేశంలో 6 లక్షలకు పైగా ఉన్న గుర్రాలూ పొట్టి గుర్రాలూ ఏడేళ్ళలో 3 లక్షల 40 వేలకు పడిపోయాయి. తగ్గుదల 45 శాతం పైనే. గాడిదలైతే 61 శాతం తగ్గాయి. పులి సంఖ్య ఇందులో పదోవంతు పడిపోయినా దేశం ఉలిక్కిపడేది. కొండకు రోడ్డు పడొద్దని ఎవరంటారు? పడాలి, ఆలస్యమైనందుకు ప్రభుత్వాలు సిగ్గుపడాలి. రోడ్డు పడ్డ రోజున గుర్రానికీ దాన్ని సాకిన మనిషికీ వేరొక బతుకుతెరువు చూపలేమా అన్నదే నా ప్రశ్న. చెరువు పక్క విడిది, అక్కడి నుంచి తోటల్లో, గెడ్డల వెంబడి, కొండ అంచుల్లో గుర్రపు దారి, దాన్ని నడిపే మన్యం యువకుడు. ఇది పెద్ద పెట్టుబడి అడగని పని. దాణా కూడా పరాయిది కాదు. మన మెట్ట పొలాల్లో రబీకి చల్లే ఉలవలకు ఇంగ్లీషువాడు పెట్టిన పేరులోనే గుర్రం ఉంది.

హింస సంగతి. కోస్తాలో వేసవి ఉక్క గుర్రానికి నిజంగా గండమే. ఏప్రిల్, మే నెలల్లో ఈ విడిదులు మూసేయాలి, కార్తికం నుంచి మాఘం దాకా చాలు. చట్టం కూడా మౌనంగా లేదు. బండి లాగే, బరువు మోసే జంతువుల హింస నివారణకు 1965లో చేసిన నిబంధనలు పొట్టి గుర్రం మీద 70 కిలోలకు మించి బరువు పెట్టకూడదన్నాయి. రోజుకు తొమ్మిది గంటలు దాటకూడదు, ఏకబిగిన ఐదు గంటలు దాటకూడదు, 37 డిగ్రీలు మించిన చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా పని చేయించకూడదు. ఈ నిబంధనలు అమలయ్యేది ఎక్కడ? రోడ్డు మీద ఎవరి కంటా పడకుండా తిరిగే ఒంటరి గుర్రానికి అవి ఉన్నా లేనట్టే. పేరు రాసుకుని, పశువైద్యుడి కాగితం చూసి, రుసుము కట్టించుకుని లోపలికి పంపే విడిదిలో మాత్రం ఎవరైనా చూస్తారు, అడుగుతారు. రోగాల విషయమూ అంతే. గ్లాండర్స్ అనే జబ్బు గుర్రాల నుంచి మనుషులకూ సోకగలదు. దాని కోసం 1899లోనే చట్టం చేశారు. 2019లో కేంద్రం జాతీయ కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. హిస్సార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం రక్త పరీక్షలు చేస్తోంది. అమెరికాలో చాలా ప్రభుత్వ పార్కులు రక్త పరీక్ష కాగితం లేని గుర్రాన్ని గేటు దాటనివ్వవు. జబ్బు భయం ఉన్నవాడు గేటూ పరీక్షా ఉన్న విడిదిని కోరుకోవాలి. గుర్రాలను లెక్కాపత్రం లేకుండా గాలికి వదిలేస్తే జబ్బు ఎటు పోయిందో ఎవరికీ తెలియదు.

పక్షులను గురించి అడిగేవాళ్ళ మాటకు నేను తల వంచుతాను. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ గూళ్ళు కట్టే నెలల్లో అక్కడ గుర్రమే కాదు, గట్టిగా మాట్లాడే మనిషి కూడా ఉండకూడదు. పక్షులు గూడు కట్టే చెరువులను పేరుపేరునా విడిచిపెట్టాలి. మిగిలిన చోట్ల పోల్చవలసింది గుర్రాల విడిదిని నిర్జన సరస్సుతో కాదు, ఇప్పుడు జరుగుతున్న దానితో. రాత్రి పన్నెండు దాకా పాటల పెట్టెలు, మంటల చుట్టూ సీసాలు, తెల్లారాక ఒడ్డు నిండా పేపరు ప్లేట్లు. గుర్రం ఉన్న మకాంలో ఇవి సాగవు. గుర్రం చప్పుడుకు బెదురుతుంది, గుర్రాలవాడు చీకటి పడగానే పడుకుని కోడికూతకు లేస్తాడు. మంచి మకాంకు క్రమశిక్షణ నేర్పే జీవి అది.

ఇంకొక అభ్యంతరం ఉంది, అది పార్కుల పక్షం నుంచి కాక మా పక్షం నుంచే వస్తుంది. చెరువు అంచున గొర్రెల మందలకూ బాతుల మందలకూ చోటు పోతుంటే గుర్రాల గురించి వాదించడమేమిటి, ముందు కాపరి సంగతి చూడాలి కదా అని. సరైన ప్రశ్న. నా జవాబు ఇది: కాపరి నోరు పార్కు కమిటీ దాకా చేరదు. గుర్రం చేరుతుంది, ఎందుకంటే దాని వెంట రుసుము వస్తుంది, పర్యాటక శాఖ ఫైలు కదులుతుంది. 2024లో రాష్ట్ర పర్యాటక విధానం పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. ఆ హోదా కింద చెరువు అంచున వచ్చేది కాంక్రీటు రిసార్టా, మట్టి నేల మీద దండెం మోకూ నీటి తొట్టె ఉన్న విడిదా అన్నది ఇప్పుడే తేలాలి. ఒకసారి పశువు దిగడం చెరువు పార్కులో ధర్మబద్ధమైన వాడుకే అని నియమంలో రాయించామంటే ఆ వాక్యాన్ని గొర్రెల కాపరీ వాడుకుంటాడు. గుర్రానికి తెరిచిన గేటు గొర్రెకు మూయడం ఏ పంచాయతీకీ తేలిక కాదు. ముందు గేటు తెరవాలి. రిసార్టు గోడ ఒకసారి లేచిందంటే కాపరీ పోతాడు, గుర్రమూ పోతుంది, ఆఖరుకు ఊరివాడికే లోపలికి టిక్కెట్టు కొట్టాల్సి వస్తుంది.

మట్టి నేల అని నొక్కి చెప్పడానికి కారణముంది. చెరువుకు ప్రాణం దాని అంచు. వానల్లో నీళ్ళు అక్కడిదాకా వచ్చి ఎండల్లో వెనక్కి పోతాయి. ఆ ఊపిరాడే నేల మీద గడ్డి మొలుస్తుంది, దిగువ బావుల్లో ఊట పుడుతుంది. 2012లో ఉమ్మడి రాష్ట్రం చేసిన భవన నిబంధనలు పది హెక్టార్లు దాటిన చెరువుకు పూర్తి నీటిమట్టం నుంచి 30 మీటర్ల దాకా కట్టడం వద్దన్నాయి. 2017 చిత్తడి నేలల నియమాలు అవి వర్తించే చోట 50 మీటర్ల దాకా శాశ్వత నిర్మాణాన్ని నిషేధించాయి, మనుషులు తవ్విన సాగునీటి చెరువులకు మాత్రం ఆ రక్షణ ఇవ్వలేదు. హైదరాబాదులో చెరువుల ఆక్రమణలు కూల్చడానికి 2024లో హైడ్రా పేరుతో ఏకంగా ఒక సంస్థనే పెట్టవలసి వచ్చింది. అక్కడ కూలుతున్నవాటిలో ఎక్కువ భాగం సిమెంటు కట్టడాలే, గుర్రపు సాలలు కావు. గుర్రాల విడిదికి పునాది తవ్వరు. మోకు విప్పి, గుంజలు పీకి, లద్దె ఎత్తేస్తే వారానికి అక్కడ గడ్డి లేస్తుంది. వానాకాలం చెరువు తన అంచు తాను తీసుకుంటుంది. చెరువు అంచున చేయదగిన వ్యాపారమేదైనా ఉంటే అది ఇలా లేచి వెళ్ళిపోగలిగినదై ఉండాలి.

ఎచ్చెర్ల మండలం ఒక పక్క జాతీయ రహదారి, ఒక పక్క బుడగట్లపాలెం సముద్ర తీరం, అంబేడ్కర్ విశ్వవిద్యాలయం, ట్రిపుల్ ఐటీ, చుట్టూ పెరుగుతున్న లేఅవుట్ల మధ్య ఉంది. ఇక్కడ చెరువు అంచు సెంటు ధర ఏటా పెరుగుతుంది. 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వే కొత్త హద్దులు, కొత్త నంబర్లు తెచ్చింది. పాత దస్త్రాల్లో మందబయలు అనీ, తోపు అనీ, విడిది మైదానమనీ ఉన్న నేల కొత్త దస్త్రంలో ఉత్త ప్రభుత్వ భూమి అని ఒక్క మాటలో ఇమిడిపోతే రేపు దాన్ని దేనికైనా ఇవ్వొచ్చు. కాబట్టి ప్రతి గ్రామసభా తన చెరువుల పాత వర్గాలను అడంగల్‌తో, ఆ ఊరి పాత రిజిస్టరుతో సరిచూసి అదే పేరుతో మళ్ళీ రాయించాలి. గుర్రాలకూ మందలకూ ఏడాదిలో ఏ నెలల్లో, ఏ పక్క, ఎన్ని రోజులు దిగే హక్కుందో తీర్మానం చేసి ఆ పేరు పక్కన చేర్చాలి. పాత రిజిస్టర్లను చదవగలిగిన కరణాల తరం ఇంకా కొద్దిమంది మిగిలి ఉండగానే ఈ పని జరగాలి.